జారుడుకు పగ్గం

గేరు మారిన సంగతి తెలియకుండా మారితేనే మంచి ఆటోమేటిక్ అని చాలామంది అనుకుంటారు. ఆ మెత్తదనం ఊరికే రాదు. క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కాసేపు జారితేనే సీట్లో ఉన్నవాళ్లకు కుదుపు తెలియదు. 1969 మోడల్ కార్లలో జనరల్ మోటార్స్ తెచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350నే చూడండి. దాని మొదటి గేరు నిష్పత్తి 2.52, రెండోది 1.52. ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుండగా గేరు మారితే, టార్క్ కన్వర్టరు చేసే సర్దుబాటు పక్కన పెడితే, అది దాదాపు 3000కు దిగాలి. తిరిగే ఇంజనులో దాగిన ఆ ఊపును ప్లేట్లు ఎలాగూ మింగక తప్పదు. ఏ మార్పూ దాన్ని తగ్గించలేదు. కానీ జారుతున్నంతసేపూ డ్రైవరు కాలు యాక్సిలరేటరు మీదే ఉంటుంది కనుక, ఇంజను కొత్తగా ఇస్తున్న శక్తిలో కొంత కూడా వేడిగా మారి ప్లేట్ల మీదే పడుతుంది. జారుడు సాగినకొద్దీ ఆ భాగం పెరుగుతుంది. బిగువైన షిఫ్టు కోరడానికి అసలు కారణం ఇదే. వీపు సీటుకు తగిలే సరదా ఆ తర్వాతి మాట.

షిఫ్ట్ కిట్ చేసేది ఈ జారుడును కుదించడం. సెపరేటర్ ప్లేటులో ఆయిలు పోయే రంధ్రాన్ని కాస్త పెద్దది చేస్తారు, ప్రెషర్ రెగ్యులేటరుకు గట్టి స్ప్రింగు వేస్తారు. అన్నిటికన్నా ఆలోచించి చేయాల్సిన మార్పు అక్యుములేటరుది. అదొక స్ప్రింగు మీద ఆనిన పిస్టను. క్లచ్‌కు వెళ్లే ఆయిలులో కొంత తాను తీసుకుని, ప్రెషరు ఒక్కసారిగా ఎగబాకకుండా ఆపుతుంది. దాని కదలిక తగ్గిస్తే ప్లేట్లు త్వరగా బిగుస్తాయి.

కంపెనీ ఇంజనీర్లకు ఇవన్నీ తెలియవా అని అడుగుతారు. తెలుసు. అయితే ఒకే గేర్‌బాక్సును కుటుంబాల కార్లకూ పికప్ ట్రక్కులకూ సరిపెట్టాలి. కుదుపు ఉందని ఫిర్యాదు చేసే కొనుగోలుదారునూ మెప్పించాలి. ట్రైలరు లాగే మనిషి అవసరం వేరు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: ప్లేట్లకు తప్పిన దెబ్బ ప్రొపెల్లర్ షాఫ్టుకూ, యూనివర్సల్ జాయింట్లకూ, డిఫరెన్షియలుకూ తగులుతుందని. నిజమే. అందుకే అక్యుములేటరును పూర్తిగా మూసేయడం రేసు కార్లకే తగిన పని. రోజూ తిరిగే బండికి దాని కదలికను కొంత తగ్గిస్తే చాలు. ఇక గేరు మారే క్షణంలో కంప్యూటరే ఇంజను లాగుడును తగ్గించే కొత్త కార్లకు ఈ మార్పు అవసరం చాలా తక్కువ.

పాత గేర్‌బాక్సు విప్పే ముందు ప్రెషరు గేజి పెట్టి చూడండి. ఆయిలు నల్లబడి మాడు వాసన వేస్తుంటే, కిట్‌కు పెట్టే డబ్బు ముందు కొత్త ప్లేట్లకు పెట్టండి.