ఫ్రిజ్‌లో పాలున్నాయా?

మా అబ్బాయి మూడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సైకిల్ మీంచి పడ్డాడు. లేచేసరికి నోరంతా రక్తం. పై వరుసలో ముందు పన్ను ఒకటి వేరుతో సహా ఊడి నేల మీద పడి ఉంది. పాలపన్ను కాదు, ఏడాది క్రితమే వచ్చిన శాశ్వత దంతం.

మీరైతే ఏం చేసేవారు? నేను నాకు తోచిన మంచి పనే చేశాను. వేరుకి ఎర్రగా పీచులాగా ఏదో అంటుకుని ఉంటే, కుళాయి కింద పెట్టి సబ్బుతో రుద్ది కడిగాను. టిష్యూలో చుట్టి పర్సులో వేసుకున్నాను. తెరిచి ఉన్న క్లినిక్ దొరికేసరికి గంటన్నర దాటింది.

డాక్టరుగారు పన్ను తిప్పి చూసి, "కడిగారా అమ్మా?" అన్నారు. శుభ్రంగా కడిగానని చెప్పాను. ఆ పీచే పన్నును దవడ ఎముకతో కలిపి ఉంచే కణజాలమట. పన్ను మళ్లీ అతుక్కోవాలంటే అది బతికి ఉండాలట. మురికి అనుకుని నేను రుద్దేసింది దాన్నే.

ఆయన పన్ను తిరిగి అమర్చి, పక్క పళ్లకు సన్నని తీగతో కట్టారు. ఇప్పుడు వాడు ఆరో తరగతి. పక్క పళ్లు దవడతో పాటు కిందికి దిగుతుంటే ఆ పన్ను మాత్రం పైనే ఉండిపోయింది. వేరు మెల్లగా కరిగి ఎముకలో కలిసిపోతోంది. ఎదుగుదల పూర్తయ్యాక ఇంప్లాంట్ పెట్టాల్సి రావచ్చన్నారు.

అప్పటి నుంచి ఈ విషయం మీద కనిపించిందల్లా చదువుతున్నాను. ఊడిన పాలపళ్ల లోపలి గుజ్జులో మూలకణాలు ఉన్నాయని పరిశోధకులు 2003లో ప్రకటించారు. మనం చిన్నప్పుడు పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసిరిన పళ్లలోనే! దెబ్బతిన్న పన్నుకి వేరు ఇంకా పూర్తిగా తయారవకపోతే, లోపల శుభ్రం చేసి, వేరు కొస నుంచి కాస్త రక్తం ఊరేలా చేసి పైన మూసేస్తున్నారు. కొందరు పిల్లల్లో ఆగిపోయిన వేరు మళ్లీ ఎదుగుతోంది. 2024లో జపాన్‌లోని క్యోటోలో, కొత్త పన్ను మొలిపించే మందును మనుషుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. మొదటి దశలో చూసేది అది సురక్షితమా కాదా అన్నదే.

ఇవన్నీ మా వాడికి అందుతాయేమో, చూడాలి. పోయిన కణజాలాన్ని తిరిగి పెంచడానికి ఇంత శాస్త్రం కావాలి. ఉన్నదాన్ని కాసేపు బతికించడానికి మాత్రం ఇంట్లో పాలు చాలు.

అందుకే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి:

• పన్నును తెల్లటి పైభాగం దగ్గరే పట్టుకోండి. వేరును ముట్టుకోవద్దు, రుద్దవద్దు. మట్టి ఉంటే పాలతోనో నీళ్లతోనో కొన్ని సెకన్లు తొలిపితే చాలు.

• బిడ్డ స్పృహలో, నిమ్మళంగా ఉంటే పన్నును వెంటనే దాని చోట పెట్టి, శుభ్రమైన గుడ్డ మెల్లగా కొరికి పట్టుకోమనండి. వీలుకాకపోతే చల్లటి పాలలో వేయండి.

• అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు డెంటిస్టును చేరండి.

• పాలపన్ను అయితే తిరిగి పెట్టకండి. డాక్టరుకు చూపించండి.

మా ఫ్రిజ్ తలుపు మీద ఇవి రాసి అంటించాం, పక్కన డెంటిస్టు నంబరుతో సహా. ఆదివారం తెరిచి ఉండే క్లినిక్ ఏదో మీరూ ఈ రోజే కనుక్కుని ఉంచండి.

— ఆరో తరగతి విద్యార్థి తల్లి