దొంగగాలి

మన సంఘ సంచికకు సంస్కృతిని గూర్చి యొక వ్యాసము పంపుమని అడిగినపుడు నేను కొంత వెనుదీసితిని. కావ్యములను గూర్చి వ్రాయగల పెద్దలు మనలో నున్నారు. నేను రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి, యంత్రశాలలో రెంచి పట్టి తలనెరసినవాడను. అయినను మన యిండ్లలో యంత్రములను గూర్చి తెలుగున మాటలాడుకొనుటయు నొక సంస్కృతియే యని తోచి, మొన్న మా యింటి వాకిట జరిగిన పనిని వ్రాయుచున్నాను.

ఆ కారు మా బావది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన బంగారు గనులు మూతపడిన పిమ్మట ఆయన మారికుప్పములో తెల్లవారుజాము రైలెక్కి బెంగుళూరు పోయి, పనిచేసి, రాత్రికి ఇల్లు చేరుచుండెను. అట్లు పన్నెండేండ్లు గడచిన మీదట కొనిన కారది. ఆయన పోయి మూడేండ్లయినది. ఇప్పుడు మా మేనల్లుడు దానిని పందెపు కారుగా మార్చబూనినాడు. పెద్ద గాలివడపోతను, వెడల్పైన పొగగొట్టమును అమర్చి, ఒడిలో కంప్యూటరు పెట్టుకొని, ఇంజనుకు ఎంత పెట్రోలు పోయవలెనో తెలుపు పట్టికను తానే దిద్దుచున్నాడు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై పందెపుబాటమీద ఆదివారమునాడు నడుపుటకు రుసుము కూడ కట్టివచ్చెను. మా అక్క నాతో, "వాళ్ళ నాయన బండిరా, చెడగొట్టనీకు" అని మాత్రము అన్నది.

తెలియనివారికొరకు రెండు మాటలు. పెట్రోలు చక్కగా మండుటకు ఒక పాలు పెట్రోలునకు బరువున 14.7 పాళ్ల గాలి కావలెను. మా బావ కారులో లోనికి పోవు గాలిని ఒక వేడితీగ కొలుచును. మండిన పిదప ఏమి మిగిలినదో పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు చూచును. ఆ రెండింటికి పొత్తు కుదరనిచో ఇంజనులోని కంప్యూటరు పెట్రోలును హెచ్చించియో తగ్గించియో సరిపెట్టుకొనును. ఈ సరిపాటునే ఫ్యూయల్ ట్రిమ్ అందురు. క్షణక్షణము మారునది యొకటి, మెల్లగా నేర్చి గుర్తుంచుకొనునది మరియొకటి. రెండును కలిపి అయిదారు శాతము లోపల నున్నచో చింతలేదు.

మావాని కారు ఊరక నిలిచి తిరుగునపుడు 20 శాతము హెచ్చు చూపెను.

"మామా, పెట్రోలు చాలడంలేదు. పట్టికంతా పదిహేను శాతం పెంచేస్తాను" అన్నాడు.

నిమిషమునకు 2,500 చుట్లకు లేపి చూడుమంటిని. అంకె 8కి దిగెను. ఇంజను ఎక్కువ తినునపుడు కొరత తగ్గుటేమి?

మొదట నా అనుమానము దుమ్ముమీదికి పోయెను. మన సైనైడు దిబ్బలనుండి గాలికి లేచు దుమ్మును ఎరుగనివారెవరు? వేడితీగను తగిన ద్రవముతో కడిగించితిని. అంకె కదలలేదు. అది నా తొందరపాటే. తీగ మురికిపడినచో ఎక్కువ గాలి పోవునపుడే కొరత హెచ్చుగా కనబడవలెను గదా.

అపుడు మా నాయన జ్ఞప్తికి వచ్చెను. ఆయన ఛాంపియన్ రీఫ్ గనిలో గాలితలుపులను చూచుకొను పనిలో నుండెను. మూడు కిలోమీటర్లకు మించిన లోతుగల గని. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటుచుండెను. పైనుండి పంపిన గాలి పనివారున్న చోటికే చేరవలెనన్నచో నడుమ సొరంగములలోని తలుపులు బిగిసియుండవలెను. ఒక్కటి సందు చేసినచో గాలి దగ్గరిదారి పట్టును. పంకాల వేగము పెంచుడని పైకి కబురంపుటకు ముందు ఆయన చేతిని తడిపి, ఒక్కొక్క తలుపు సందునకు చూపుచు నడచెడివాడట. మా కారులో గాలి పోవుటకు బదులు వచ్చుచున్నది. తీగ కంటబడక దొంగదారిని వచ్చుచున్నది. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు లోపలి పీల్పు మిక్కుటము, కొలతకు వచ్చు గాలి స్వల్పము. కనుక దొంగగాలి వాటా పెద్దది. వేగము హెచ్చి గాలి ప్రవాహమైనపుడు ఆ వాటా చిన్నదగును. అంకె దిగుటకు కారణమిదే.

రబ్బరు గొట్టములమీద సబ్బునీరు చిమ్ముచు వెదకితిమి. మండెడి ద్రవము చిమ్ము అలవాటు కొందరికి గలదు. వేడి ఇంజనుమీద నేనందుకు ఒప్పను. పెద్ద వడపోతను అమర్చునపుడు నలిగిన యొక వంపుగొట్టము అడుగున చీలియుండెను. నీరు తగులగానే బుసబుస ఆగినది, అంకె 11కి పడినది. మేనల్లుడు ఏమియు ననలేదు. ఆ వడపోతను బిగించినది అతడే.

క్రొత్త గొట్టము వేసి, నేర్చినదానిని తుడిచి, బంగారపేట వరకు పోయివచ్చితిమి. నిలిచినపుడును 7, పరుగులోను 7. ఈ మిగిలినది వేరు సంగతి. ఇప్పుడు మనము పోయించుకొను పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది, దానికి 13.5 పాళ్ల గాలియే చాలును, అనగా అదే గాలికి ఇంధనము ఎక్కువ కావలెను. పట్టిక పాత పెట్రోలునకు వ్రాసినది. కొంత వడపోత వలన కూడ కావచ్చును. అన్నిచోట్ల సమానముగా నున్న ఈ కొరతయే పట్టికలో దిద్దదగినది, దానిని దిద్దుమంటిని.

మొదటనే పదిహేను శాతము పోసియున్నచో నిలిచినపుడు అంకె ముద్దుగానే యుండెడిది. కాని పూర్తిగా తొక్కినపుడు ఆ కారు సెన్సారు మాట వినదు, పట్టికనే నమ్మును. అపుడు దొంగగాలి వాటా లేనట్లే. అక్కరలేని పెట్రోలు సిలిండరు గోడల నూనెను కడుగును, పొగగొట్టములోని కాటలిస్టును కాల్చును. పందెపుబాటమీద పోవునది ఆ స్థితిలోనే గదా!

ఆదివారము చీకటితో లేచి మావాడు ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా దిగిపోయెను. మన యూరు సుమారు 2,800 అడుగుల ఎత్తు. అంబాసిడరు దినములలో మదరాసున కుదిర్చిన కార్బురేటరు పలమనేరు కనుమ ఎక్కగానే పలుచని గాలికి పెట్రోలు ఎక్కువై నల్లపొగ విడుచుచుండెను. ఇక్కడ కుదిర్చినది అక్కడ పెట్రోలు చాలక దగ్గుచుండెను. ఇప్పుడు గాలి బరువును తీగయే చూచుకొనును. లేనిచో స్క్రూడ్రైవరు జేబులో వేసుకొని నేనును వెంటబోవలసి యుండెడిది. అక్క నన్ను పొమ్మనియే యన్నది.