పైసలు ముందా, కాగితం ముందా?

నాంపల్లి కోర్టుల చుట్టుపక్కల చిన్న బల్ల వేసుకుని కూర్చునే టైపిస్టులకు అప్పు పద్దు ఉండదు. అఫిడవిట్ అయితే పేజీకి ఇంతని ముందే చెబుతారు. ప్రింటు తీసి ఒక చేత్తో కాగితం పట్టుకుని, రెండో చెయ్యి చాపుతారు. నోటరీ ముద్ర, స్టాంపు, జిరాక్సు, ఆఖరికి ఫైలుకు కట్టే ట్యాగు దాకా అన్నీ అక్కడికక్కడే నగదు, లేదంటే ఫోన్‌పే. వీళ్లకు నెల జీతం లేదు, పీఎఫ్ లేదు, సెలవు చీటీ రాసే పనీ లేదు. ఫ్రీలాన్సర్ అన్న మాట ఊళ్లో వినపడక ముందునుంచీ వీళ్లు ఫ్రీలాన్సర్లే.

అక్కడినుంచి ఆబిడ్స్ వైపు నడిస్తే పాత కాంప్లెక్సుల పైఅంతస్తుల్లో ల్యాప్‌టాప్ తరం కనిపిస్తుంది. డిజైనర్లు, అనువాదకులు, వీడియో ఎడిటర్లు, నాలుగైదు దుకాణాలకు కలిపి లెక్కలు రాసేవాళ్లు. వీళ్ల యవ్వారం పూర్తిగా తిరగేసిన బాపతు. ముందు పని ఇస్తారు, తర్వాత బిల్లు పెడతారు, ఆ తర్వాత ఎదురుచూస్తారు. కోట్ల టర్నోవరున్న కంపెనీకి వడ్డీ లేని అప్పిచ్చి, ఇంటద్దెకు తాము చేబదులు తెచ్చుకుంటారు. ముళ్లపూడి వెంకటరమణ ‘ఋణానందలహరి’లో అప్పులు చేయడాన్ని కళగా మార్చిన అప్పారావును సృష్టించారు. ఆయన ఇవాళ రాసి ఉంటే అప్పారావుకు ఓ కంపెనీ పెట్టించి, ఫ్రీలాన్సర్ల బిల్లులన్నీ అతని టేబుల్ మీదే పడుకోబెట్టేవారేమో.

ఈ వ్యాసకర్త ఆ రెండో తెగవాడు. ప్రకటనల సంస్థలో కాపీ రాసే ఉద్యోగం 2017లో వదిలేసి, ఆబిడ్స్‌లో ఓ డీటీపీ ఆపరేటర్‌తో కలిసి గది అద్దెకు తీసుకున్నాడు. ఇంగ్లీషునుంచి తెలుగులోకి అనువాదం, ప్రూఫులు, కరపత్రాలు, అప్పుడప్పుడు కోర్టు కాగితాల తర్జుమా అతని పనులు. ఇంట్లోనే కూర్చుని చేయొచ్చు కదా అని చాలామంది అన్నారు. కానీ ఆబిడ్స్‌లో జిరాక్సు, బైండింగు, కొరియరు, కంప్యూటరు రిపేరు, జనరల్ పోస్టాఫీసు అన్నీ నడక దూరమే. ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో శంకరనారాయణ నిఘంటువు అట్ట ఊడిన కాపీ కూడా దొరుకుతుంది. గది అద్దెలో సగం వాటా నాలుగు వేలు. దాన్ని అతను ఖర్చు కింద రాసుకుంటాడు, బాధపడడు.

అసలు ఆబిడ్స్‌కు ఆ పేరు రావడానికి కారణమైన ఆల్బర్ట్ ఆబిద్ కూడా ఇలాంటి మనిషే. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దగ్గర ఆంతరంగిక సేవకుడిగా కొలువు చేస్తూనే ఇక్కడ దుకాణం తెరిచాడు. ఇప్పటివాళ్లు సైడ్ బిజినెస్ అంటారే, అది. జీతం ఒకచోట, లాభం ఇంకోచోట. చివరికి ఊరు గుర్తుపెట్టుకున్నది దుకాణాన్నే.

ఫ్రీలాన్సరుకు పని దొరకడమే కష్టమని బయటివాళ్లు అనుకుంటారు. ఈ వ్యాసకర్త పద్దుల పుస్తకం మాత్రం పని కంటే డబ్బు వచ్చే తేదీ గురించే ఎక్కువ చెబుతుంది. మొదటి రెండేళ్లు అతను ప్రతి బిల్లుకూ మూడు తేదీలు రాసుకున్నాడు: పని ఇచ్చిన రోజు, బిల్లు పెట్టిన రోజు, డబ్బు పడిన రోజు. పేజీలు తిరగేస్తే తేలింది ఇది. పదానికి రెండు రూపాయలిచ్చే ఓ పెద్ద సంస్థ నాలుగు నెలలు తిప్పుకుంటోంది. రూపాయిన్నర ఇచ్చే చిన్న ప్రచురణకర్త వారంలో పంపేస్తున్నాడు. ఆ సంస్థకు ఫోన్ చేస్తే “సార్ సైన్ కావాలి”, “సార్ టూర్‌లో ఉన్నారు”, “మీ బిల్లు మెయిల్లో కనపడటం లేదు, మళ్లీ పంపండి” అని వరస. ఆ ఫోన్లకు పోయిన పూటలకు కూడా కూలి కట్టి చూస్తే రెండు రూపాయల రేటు రూపాయిన్నర కంటే కిందికి దిగింది. అతను రూపాయిన్నర పని పెంచుకున్నాడు.

ఈ ఆలస్యపు జబ్బుకు మందు చెప్పింది మాత్రం నాంపల్లి వాళ్లే. కోర్టు దగ్గర ఉర్దూ దస్తావేజులు తర్జుమా చేసే ఓ పెద్దాయన ఉన్నాడు. నిజాం కాలపు సేత్వార్లు, పాత పహాణీల వంటి భూమి రికార్డులు, చెదలు తిన్న కౌలు కాగితాలు ఆయన దగ్గరికే వస్తాయి. కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టి, కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఎన్ని పేజీలవుతుందో అక్కడే తేల్చేస్తాడు. ఉర్దూ పత్రాలొస్తే ఈ వ్యాసకర్త ఆయనకు పంపుతాడు, తెలుగువి ఆయన ఇతనికి పంపుతాడు. బిల్లుల సంగతి విని ఆయన నవ్వాడు.

“కాగితం వాళ్ల చేతికి పోయినంక నీ గరజు వాళ్లకేముంటది బేటా? సగం పైసలు బల్ల మీద పెట్టినంకనే కలం తియ్యాలె.”

“కంపెనీలోళ్లు అడ్వాన్సు ఇయ్యరు కదా చాచా.”

“ఇయ్యకుంటే సగం పనే ఇయ్యి.”

అప్పటినుంచి కొత్తగా వచ్చేవాళ్లకు పద్ధతి మారింది. అడ్వాన్సు ఇస్తే సరే. ఇవ్వని చోట పనిని ముక్కలు చేసి, మొదటి ముక్క బిల్లు తీరాకే రెండోది పంపుతాడు. ఇద్దరు ముగ్గురు ముఖం తిప్పుకున్నారు, ఉన్నవాళ్లు సకాలంలో ఇస్తున్నారు. బిల్లులో ఇంకో వరుస కూడా చేరింది. ప్రెస్సుల్లో ఇంకా పేజ్‌మేకర్, అనూ ఫాంట్లే నడుస్తున్నాయి, అనువాదమేమో యూనికోడ్‌లో ఉంటుంది. ఫాంటు మార్చగానే ఎక్కడో ఒక వత్తు ఎగిరిపోతుంది, ‘క్ష’ పక్కన కొత్త గుర్తేదో మొలుస్తుంది. కాబట్టి ప్రూఫు మళ్లీ మొదటినుంచి చూడాలి. ఆ పని ఇదివరకు మర్యాద కింద పోయేది. ఇప్పుడు ‘ఫాంటు మార్పిడి, రెండో ప్రూఫు’ అని విడిగా రాస్తాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

చట్టం వైపునుంచి కూడా ఓ అండ ఉంది, చాలామంది వాడుకోరు. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం రాసుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. ఒంటిచేత్తో సేవలందించే మనిషి కూడా ఆధార్, పాన్‌లతో ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు కావచ్చు. 2020 జులైలో మొదలైన పోర్టల్ అది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదుకూ వీలుంది. అయితే ఫిర్యాదు చేస్తే ఆ బిల్లు వస్తుందేమో గానీ మరో పని రాదు, ఈ భయం కొట్టిపారేసేది కాదు. ఈ వ్యాసకర్త ఎవరిమీదా ఫిర్యాదు చేయలేదు. బిల్లు పైభాగంలో ఉద్యమ్ నంబరు మాత్రం అచ్చు వేయించాడు. దాని విలువ 2024 మార్చిలో తెలిసింది. గడువులోగా చిన్న సంస్థలకు చెల్లించని సొమ్మును కంపెనీలు ఆ ఏడాది పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోకుండా, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలన్న నిబంధన ఆ మార్చితో ముగిసే లెక్కల ఏడాదికే మొదటిసారి వర్తించింది. ‘సార్ టూర్‌లో ఉన్న’ ఆఫీసునుంచి అకౌంట్స్ అబ్బాయే ఫోన్ చేసి, “అన్నా, మీ బ్యాంకు డిటెయిల్స్ ఒకసారి పంపరా?” అన్నాడు.

వచ్చిన డబ్బంతా చేతికి రాదు, అదింకో సంగతి. కొందరు వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను కోత) పట్టుకుంటారు, కొందరు కాంట్రాక్టు కింద 1 శాతం. 40 వేల బిల్లుకు 36 వేలే పడితే మొదట్లో ఎవరికైనా ఉసూరుమంటుంది. ఏడాదికి ఆరు లక్షలొచ్చే మనిషికి ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో కట్టాల్సిందేమీ లేదు; 2025 ఏప్రిల్‌నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటుంది. అంటే పట్టుకున్నదంతా రిటర్ను వేశాక వెనక్కి వచ్చేదే. ఆ రిఫండును ఈ వ్యాసకర్త ఇంటి ఖర్చుకు ముట్టుకోడు. ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతాలో వేస్తాడు, అదీ 5వ తేదీ లోపు. 5వ తేదీకీ నెలాఖరుకీ మధ్య ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ లెక్కిస్తారు కనక ఒక్కరోజు బద్ధకిస్తే ఆ నెల వడ్డీ పోయినట్టే. 2020 ఏప్రిల్‌నుంచి రేటు 7.1 శాతం దగ్గరే ఆగింది. కొత్త పద్ధతిలో 80సీ మినహాయింపు రాకపోయినా వడ్డీకి పన్ను లేదు. ఉద్యోగికి పీఎఫ్ కోసే యజమానిలా, ఇతనికి టీడీఎస్ కోసే కంపెనీలు ఉపయోగపడుతున్నాయి.

ఆడిటరు దగ్గర ఓ తమాషా బయటపడింది. వృత్తి నిపుణులు రాబడిలో సగాన్నే లాభంగా చూపి, లెక్కల పుస్తకాల బెడద లేకుండా పన్ను కట్టే వీలును 2016 బడ్జెట్ తెచ్చింది. ఆ జాబితాలో లాయర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, సినీ కళాకారులు ఉన్నారు. సినీ కళాకారులంటే నటులే కాదు, పాటల రచయిత, మాటల రచయిత కూడా లోపలే. అనువాదకుడి పేరు లేదు. ఒకే మనిషి సినిమాకు మాటలు రాస్తే ఒక లెక్క, కోర్టుకు మాటలు మారిస్తే ఇంకో లెక్క! అందుకే అతని పద్దుల పుస్తకం ఇప్పటికీ నడుస్తోంది, టీ ఖర్చుతో సహా.

ఏడాదంతా రాబడి ఒకేలా ఉండదు. జనవరి ఒకటినుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇక్కడికి మారిన ఈ మేళా కోసం స్టాళ్లవాళ్లు డిసెంబరులోనే ఫ్లెక్సులు, కరపత్రాలు, రేటు బోర్డుల కోసం ఎగబడతారు. గదిలో ఇద్దరికీ నిద్ర ఉండదు. మే, జూన్ నెలల్లో ఈగలు తోలుకోవడమే. అందుకే వచ్చే ప్రతి పైసా ఒక ఖాతాలో పడుతుంది. ఒకటో తారీకున అక్కడినుంచి 30 వేలు ఇంటి ఖాతాకు వెళతాయి, డిసెంబరైనా జూనైనా అంతే. కిందటేడాది రాబడిని పన్నెండుతో భాగించి, అందులో కొంత తగ్గించి ఈ జీతం ఖరారు చేస్తాడు. ఇంట్లోవాళ్లకు ఇప్పుడు ఒకటో తారీకు ఉంది. నుమాయిష్ బాగా సాగిన ఏడు కూడా జీతం పెంచమని భార్య అడిగితే, “ఆరు నెలల ఖర్చు పక్కన చేరనీ, అప్పుడు చూద్దాం” అన్నాడు. కిస్తీలో స్కూటరు కొనే ఆలోచన అలాగే వెనక్కి పోయింది. ఆరోగ్య బీమా మాత్రం ఉద్యోగం వదిలిన నెలలోనే తీసుకున్నాడు, దానిమీద బేరం లేదు. 2025 సెప్టెంబరు 22నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఎత్తేయడంతో ఆ ప్రీమియం కాస్త దిగింది.

మరి లాభమేమిటి? అడిగేవాళ్లు తక్కువేం కాదు. అద్దె ఇంటి యజమాని, బ్యాంకు మేనేజరు, పెళ్లిళ్లలో కలిసే పెద్దమ్మలు, అందరిదీ ఒకటే ప్రశ్న: “ఎక్కడ చేస్తున్నావు నాయనా?” లాభానికి జీతం చీటీ లేదు. బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు చూపిస్తేగానీ లోను మాట ఎత్తవు. కానీ 2020 లాక్‌డౌన్‌లో ఇద్దరు ఖాతాదారులు పని ఆపేస్తే, ఆరోగ్య సమాచారం తెలుగు చేయించుకునే కొత్తవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒక్క యజమానిని నమ్ముకుని ఉంటే అప్పుడు పోయేది మొత్తం రాబడి. మధ్యాహ్నం మూడింటికి కూతుర్ని స్కూలునుంచి తెచ్చుకోగలగడం లెక్కల పుస్తకంలో ఏ గడిలోనూ పట్టదు. నచ్చని పనికి రేటు రెట్టింపు చెప్పే వీలుంది, అవతలివాడు ఒప్పుకున్నా నష్టం లేదు.

ఈమధ్య ఓ సంస్థ 45 వేల జీతానికి ఉద్యోగంలోకి రమ్మంది. అతను గదిలో కూర్చుని లెక్క వేశాడు. మూలవేతనం 22,500 అనుకుంటే దానిపై యజమాని పీఎఫ్ వాటా 2,700, గ్రాట్యుటీకి 1,100 వరకు. సంస్థ ఇచ్చే బీమా నెలకు 2,000, గది వాటా 4,000, ఇంటర్నెట్ 1,000. జీతంతో వచ్చే ఏడాదికో నెల సెలవుల విలువ నెలకు 3,750. జీతంతో సహా అన్నీ కలిపితే 59,550. అంటే ఫ్రీలాన్సుగా నెలకు 60 వేలు వస్తేగానీ ఆ 45 వేల ఉద్యోగంతో సమానం కాదు. అతని సగటు 50 వేలే. కాగితం మీద ఉద్యోగానిదే గెలుపు, అందులో దాపరికమేం లేదు.

అయినా ఉద్యోగం వద్దని, నెలకు ఇన్ని పేజీలు, ఇంత రొక్కం, ప్రతి నెలా ఏడో తారీకుకు చెల్లింపు అని ఏడాది ఒప్పందం అడిగాడు. పాత ఖాతాదారులు ముగ్గురు చేజారకూడదన్నది అతని పట్టు. బేరం 28 వేల దగ్గర కుదిరింది, పాతవాళ్ల పని దానికి అదనం. మొదటి నెల బిల్లు పంపగానే అకౌంట్స్‌నుంచి ఫోన్ వచ్చింది, జీఎస్టీ నంబరు ఏదీ అని. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటని మనిషికి అది అక్కర్లేదని చెబితే, అదే మాట లెటర్‌హెడ్ మీద రాసి పంపమన్నారు. లెటర్‌హెడ్ డిజైను గది పంచుకున్న డీటీపీ మిత్రుడే చేశాడు. దానికి బిల్లు కూడా పెట్టాడు, సగం అడ్వాన్సుతో.