మరాకేష్‌కు వెళ్ళే ముందు

మొరాకోలోని మరాకేష్‌కు తొలిసారి వెళ్ళదలచినవారు బస, విమానంతోపాటు రేబిస్ టీకా గురించీ ఆలోచించాలి. జెమా ఎల్‌ఫ్నా కూడలిలో సాయంత్రమైతే కథకులు, వాద్యగాళ్ళు, పొగలు చిమ్మే తినుబండారాల బండ్లు. చూసి తీరవలసిన సందడి! అక్కడే గొలుసు కట్టిన కోతిని మీ భుజానెక్కించి, ఫోటోకు డబ్బడుగుతారు. వద్దనండి. ఆ దేశంలో రేబిస్ ఇంకా ఉన్నది. లక్షణాలు బయటపడ్డాక బ్రతికించే మందు లేదు. కోతి కరిచినా, వీధిపిల్లి రక్కినా గాయాన్ని వెంటనే సబ్బుతో, నీటి ధార కింద 15 నిమిషాలు కడిగి, ఆనాడే వైద్యుణ్ణి చూడాలి. పసుపు, కారం అద్దే మన అలవాటు పనికిరాదు. ప్రయాణానికి ముందే వారం ఎడంతో 2 మోతాదులు వేయించుకోవచ్చు. అయినా కరిస్తే మళ్ళీ టీకా తప్పదు. పిల్లలు చిన్న గాట్లను దాచిపెడతారు, రాత్రి స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా చూడండి.