దీవిలో పది రాత్రులు

దీవి అనగానే మనకు సినిమాల్లోని కొబ్బరిచెట్లూ, నీలి సముద్రమూ గుర్తుకొస్తాయి. కోస్టారికా వంటి దేశాల్లో సముద్రపు తాబేళ్ళ గుడ్లకు కాపలా కాయడానికి కుర్రవాళ్ళు సొంత డబ్బు పెట్టుకుని మరీ వెళ్తారని చదివినప్పుడు నాకూ ఆశ పుట్టింది. పాస్‌పోర్టు లేదు. నాన్న దగ్గర అంత డబ్బూ లేదు. తీరా చూస్తే అదే ఆలివ్ రిడ్లే తాబేలు మన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి ఏటేటా వస్తూనే వుంది!

మాది తిరువూరు దగ్గర నెమలి. వేణుగోపాలస్వామి గుడి వల్ల ఆ పేరు మీలో కొందరు వినే వుంటారు. మామిడీ, మిరపా, మొక్కజొన్నా పండే మెట్ట ప్రాంతం. 2022లో జిల్లాలు విడిపోయేదాకా నెమలీ, నాగాయలంకా ఒకే కృష్ణా జిల్లా. అయినా ఇరవై ఏళ్ళు వచ్చేవరకూ నేను సముద్రం పక్కన ఒక్క రాత్రి గడిపి ఎరగను.

పోయిన ఫిబ్రవరిలో ఏటిమొగ రేవులో పంటు ఎక్కి ఎదురుమొండి దీవిలో దిగాను. నాకు చోటిచ్చిన బాబాయి పగలు వేటకు పోతాడు, సీజనులో రాత్రిపూట తాబేళ్ళ కాపలా కాస్తాడు. మొదటిరోజే తప్పు చేశాను. పెరట్లో వున్న రెండు బిందెల నీళ్ళతో హాయిగా స్నానం చేసేశాను. పిన్ని ఏమీ అనలేదు. పక్కింటి పిల్లాడు మాత్రం, “అన్నా, అవి తాగే నీళ్ళు” అన్నాడు. తల ఎత్తలేకపోయాను. మర్నాడు బిందె పట్టుకుని నేనే వెళ్ళాను.

ఆ ఇంట్లో మామ్మ వుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. “అప్పుడు సాయానికని చాలామంది వచ్చారు బాబూ. కొందరు మాతోపాటు గంజి తాగి, మాతోపాటే శవాలు మోశారు. కొందరు చూసి పోయారు. నువ్వు ఏ రకం?” అని నవ్వుతూనే అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

రాత్రి పని వినడానికి తేలికే. ఒడ్డు వెంట నడవాలి. తాబేలు వెనక కాళ్ళతో గుంట తవ్వి, వందదాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. కొద్ది గంటల్లోనే ఆ గుడ్లను అటూ ఇటూ తిప్పకుండా తీసి, కంచె కట్టిన హేచరీలో అంత లోతునే పూడ్చాలి. ఆపైన నలభై అయిదు నుంచి అరవై రోజులు ఇసుక వేడే వాటికి తల్లి. ఆ వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువగా పుడతాయి. క్లాసులో ఇది నాకు రెండు మార్కుల ప్రశ్న!

ఆరో రాత్రి ఒక గూడు దొరికింది. బుట్ట తేవడానికి బాబాయి వెనక్కి వెళ్తూ, “నక్కలొస్తాయి, ఇక్కడే వుండు” అన్నాడు. కూర్చున్నాను. చల్లగాలి. తువ్వాలు పరిచాను. అంతే.

బాబాయి లేపేసరికి గుంట తెరిచి వుంది. చుట్టూ చిరిగిన గుడ్ల పెంకులు. నా ప్రాణం చచ్చిపోయింది. ఆయన ఆ పెంకులన్నీ గుంటలోకి నెట్టి ఇసుక కప్పి, “పోనీలే అబ్బాయ్. రేపు కూర్చోకు, నిలబడు” అన్నాడు. తిట్టివుంటే బాగుండేది. మిగిలిన నాలుగు రాత్రులూ నిలబడ్డాను. మూడు గూళ్ళు మోశాను.

నెమలి తిరిగివచ్చిన రోజు నాన్న భోజనం చేసి మొక్కజొన్న చేలోకి బయలుదేరాడు. అడవిపందులకు కాపలా. ఎన్నేళ్ళుగానో ఆ మంచె మీద ఆయన ఒక్కడే. నాకెప్పుడూ పరీక్షలు! ఆ రాత్రి టార్చి నేను అందుకున్నాను.

“నీకు నిద్ర ఆగదురా” అన్నాడు నాన్న.

“నిలబడతాను నాన్నా.”

ఆయన ఎగాదిగా చూసి, దుప్పటి నా భుజాన వేసి, ఇంట్లోకి వెళ్ళాడు.

ఏప్రిల్‌లో బాబాయి ఫోను చేశాడు. నేను మోసిన గూళ్ళలో ఒకదాన్నుంచి ఎనభై ఆరు పిల్లలు సముద్రంలోకి పోయాయట. పోయిన గూడు సంగతి ఆయన ఎత్తలేదు. నేను మరచిపోలేదు.

వచ్చే జనవరిలో మళ్ళీ వెళ్తున్నాను. రాదలచిన మిత్రులు నాతో రావచ్చు. ఒక్కటే షరతు: స్నానానికి ముందు పిన్నిని అడగాలి.