తొహ్మత్

డిసెంబర్‌లో ఓ రోజు ఫజర్ చదువుకుని, అమ్మీని కారులో కూర్చోబెట్టుకుని ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ బయల్దేరాను. ఆమె కంటి ఆపరేషన్. ఊరు దాటామో లేదో మా ఊపిరికే ముందు అద్దం లోపల మసకేసింది. హీటర్ పెడితే ఫ్యాన్ తిరగలేదు. నాలుగు నంబర్లూ తిప్పాను. ఖామోష్! కిటికీలు కాస్త దించితే మసక తగ్గింది గానీ అమ్మీ చలికి వణికింది. ఒక చేత్తో దుపట్టా బిగించుకుని, ఇంకో చేత్తో రుమాల్ పట్టి నా ముందు అద్దం తుడుస్తూ కూర్చుంది.

నాకు గుస్సా ఆగలేదు. చాయ్ కోసం ఆగినచోట, నెల కింద సర్వీసింగ్ చేసిన కుర్రాడికి ఫోన్ కొట్టాను.

"డ్యాష్‌బోర్డు కింద ఏం పీకినవ్‌రా?"

"అల్లా కసమ్, దాన్ని ముట్టలేదు సాబ్."

నమ్మలేదు. "ఝూట్ మాట్లాడకు" అని పెట్టేశాను.

తిరిగొచ్చాక ఓ ముసలి మిస్త్రీకి చూపించాను. ఆయన పానా పట్టకముందే సవాల్ వేశాడు: "ఒక్కసారే బంద్ అయిందా, ముందు కింది నంబర్లు పోయినయా?"

అప్పుడు గుర్తొచ్చింది. సర్వీసింగ్‌కు ముందు నుంచే 1, 2, 3 నంబర్లు పనిచేయడం లేదు. 4 మీద తిరుగుతోంది కదా అని నేనే ఊరుకున్నాను.

"అది రెసిస్టర్ పోయిన నిషానీ. నాలుగో నంబర్లో కరెంటు దాన్ని తప్పించుకుని సీదా మోటారుకు పోతది" అన్నాడు చచ్చా.

ఫ్యూజ్ తీసి చూశాడు, సలామత్. మోటారు ప్లగ్గులో టెస్ట్ ల్యాంప్ పెడితే వెలగలేదు. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిస్తే మోటారు మూలుగుతూ తిరిగింది. అంటే మోటారుకు జాన్ ఉంది, కరెంటే రావడం లేదు. వైరు వెంట వెనక్కి పోతే రెసిస్టర్ కనెక్టర్ కాలి నల్లబడి ఉంది. మోటారు విప్పితే ఫ్యాన్ నిండా వేపాకులు! రోజూ మా ఇంటి ముందు వేపచెట్టు కింద కారు పెట్టేది నేనే. ఆకులు ఇరుక్కుని ఫ్యాన్ బరువెక్కింది, మోటారు కరెంటు ఎక్కువ గుంజింది. గాలికి చల్లబడాల్సిన రెసిస్టర్‌కు ఆ గాలే కరువైంది.

వార్త రాసేముందు రెండువైపులా అడగాలని కొత్త రిపోర్టర్లకు ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి. స్కూల్లో తహ్కీక్ అని, డిగ్రీలో విచారణ అని నేర్చుకున్న ముచ్చట గుస్సాలో ఏ జబాన్లోనూ గుర్తురాలేదు.

మాఫీ అడగడానికి వెళ్లాను. కుర్రాడు టైరు విప్పుతున్నాడు. తలెత్తి నవ్వాడు.

"ఏం కాదు సాబ్. అమ్మీ కన్ను ఎట్లుంది? చాయ్ తాగుతరా?"

ఆ చాయ్ గొంతు దిగడం చాలా ముష్కిల్ అయింది.