ఇంకా 35 రోజులుంది

"శనివారం సాయంత్రం ఏడున్నరకి క్విజ్, అందరూ టైముకి రండి" అని రాసి పడేస్తే సరిపోతుందనుకునే రోజులు కొన్ని ఉండేవి నాకు. "ఎవరి ఏడున్నర మావా?" అని మొదటిసారి అడిగింది మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా క్లాస్‌మేటు. ఆ ప్రశ్నతో మొదలైన పని నన్నెక్కడికి తీసుకెళ్ళిందో చెబుదామని.

మా ఇంజనీరింగు బ్యాచికి డిస్కార్డులో ఒక గుంపు ఉంది. 2020లో అందరం ఇళ్ళల్లో బందీలుగా ఉన్నప్పుడు పెట్టుకున్నాం. మొదట పాతికమందిమి. తరవాత తమ్ముళ్ళూ, మరదళ్ళూ, ఆఫీసు స్నేహితులూ చేరి నూట నలభై దాటింది. వారం విడిచి వారం సినిమా క్విజ్ పెట్టుకుంటాం. నిర్వహించేది నేనే. సాఫ్ట్‌వేరువాడు కదా, చూసుకుంటాడులే అని అప్పజెప్పేశారు. పెళ్ళిలో వంటవాడి కొడుకుకి వడ్డన అప్పజెప్పినట్టు :)

ఏడున్నర గొడవకి మందుగా ఒక పట్టిక తయారుచేసి పైన అతికించాను. మన ఏడున్నర అంటే డాలస్‌లో ఉదయం 9, లండన్‌లో మధ్యాహ్నం 3, మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి 12. చక్కగా ఉంది కదండీ. అది వేసవిలో వేసిన పట్టిక. 2023 అక్టోబరు 1న మెల్‌బోర్న్ వాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుకున్నారు. పాపం ఆ అమ్మాయి మా పట్టిక నమ్ముకుని పన్నెండింటికి వచ్చి, గంటసేపు కాఫీ తాగుతూ కూర్చుంది. అదే నెల 29న లండన్ వాళ్ళు, నవంబరు 5న డాలస్ వాళ్ళు గంట వెనక్కి జరుపుకున్నారు. నవంబరు 11న ఆ రెండూళ్ళ వాళ్ళూ సరిగ్గా పట్టికలో ఉన్న టైముకే వచ్చి, "ఏంట్రా, అప్పుడే అయిపోయిందా?" అన్నారు. తప్పు వాళ్ళది కాదు, నాదీ కాదనుకున్నాను. అనుకున్నానంతే.

మనకి ఈ బాధ లేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కొన్నాళ్ళు గంట ముందుకి జరిపారు గానీ, ఇప్పుడు మన గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు. 1906 నుంచీ మన టైముకి ఆధారం ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశం. అది మా కాకినాడ పక్కనుంచే పోతుంది. అంచేత మా ఊరివాడికి సూర్యుడూ గడియారమూ ఇంచుమించు ఒకటే మాట చెబుతాయి. అలాంటి ఊళ్ళో పెరిగినవాడికి టైము మారుతుందన్న ఊహ రాకపోవడంలో వింతేముంది? (ఇది సాకే, ఒప్పుకుంటున్నాను.)

అప్పుడు తట్టింది. ఎన్నింటికి అన్నది ఊరూరికీ మారుతుంది గానీ, ఇంకా ఎంతసేపుంది అన్నది మారదు. రెండు గంటల పది నిమిషాలుందంటే కాకినాడలోనూ అంతే, డాలస్‌లోనూ అంతే. మన పెద్దవాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసు. అడుగున చిల్లు పెట్టిన గిన్నెని నీళ్ళమీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. ముహూర్తానికి ఇంకా ఎన్ని ఘడియలుందీ అంటే గిన్నెలు లెక్కపెట్టుకోవడమే.

సరే, గిన్నె తయారుచేద్దామని కూర్చున్నాను. మొదట చేసింది శుద్ధ తెలివితక్కువ పని. గది పేరునే "క్విజ్‌కి 2 గం. 10 ని." అని పెట్టి, నిమిషానికోసారి మార్చే బాట్ రాశాను. మూడో మార్పుకే ఆగిపోయింది. ఒక గది పేరుని పది నిమిషాల్లో రెండుసార్లకి మించి మార్చనివ్వదు డిస్కార్డు. నాకు కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే న్యాయమే. నూట నలభై ఫోన్లకి నిమిషానికోసారి కబురు పంపి, "ఒక నిమిషం తగ్గింది బాబూ" అని చెప్పడం దేనికి? ఎవరి ఫోనులో వాళ్ళకి గడియారం లేదా?

అసలు విద్య అక్కడే ఉంది. 2021 నుంచీ డిస్కార్డులో ఒక ఏర్పాటుంది. కోణపు బ్రాకెట్లలో చిన్న టీ అక్షరం, కోలను, ఒక పెద్ద సంఖ్య, మళ్ళీ కోలను, చివర పెద్ద ఆర్. అంతే. ఆ సంఖ్య 1970 జనవరి 1 (గ్రీనిచ్ లెక్కన) నుంచి గడిచిన సెకన్లు. ఉదాహరణకి 1726322400 అంటే 2024 సెప్టెంబరు 14, మన సాయంత్రం ఏడున్నర. నేను సంఖ్య ఒక్కసారి రాసి వదిలేస్తే చాలు. చదివేవాడి ఫోనే దాన్ని తన గడియారంతో పోల్చుకుని "3 రోజుల్లో", "40 నిమిషాల్లో" అని చూపిస్తుంది. ఆర్ బదులు పెద్ద ఎఫ్ పెడితే వాళ్ళ ఊరి తేదీ, వారం, టైము చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టడం మంచిది, ఎందుకంటే ఆర్ లెక్క ఉజ్జాయింపు. నెల దూరంలో ఉంటే "నెలలో" అని ఊరుకుంటుంది. బాట్ అక్కర్లేదు, సర్వరు అక్కర్లేదు, రాత్రి పన్నెండింటికి నిద్ర లేచి చూసుకునే పనీ లేదు.

ఇక్కడితో ఆగి ఉంటే బావుండేది.

కానీ టైము అయినప్పుడు గంట మోగాలి కదా అన్నారు మనవాళ్ళు. నిజానికి ఒకళ్ళిద్దరే అన్నారు. నాకు రాయాలని దురద. సరే, బాట్‌ని బతికించాను. పని చిన్నదే: ఇంకా ఎంతసేపుందో లెక్కేసి, అంతసేపు పడుకుని, లేవగానే గుంపులో అందర్నీ పిలిచి "క్విజ్ మొదలైంది!" అని అరవాలి. ఆ వెంటనే తరవాతి క్విజ్‌కి లెక్కేసుకుని మళ్ళీ పడుకోవాలి. జావాస్క్రిప్టులో సెట్‌టైమవుట్ అని ఒక్క లైను. ఎనిమిది నెలలు ఒక్క పొరపాటు లేకుండా మోగింది. మా ఇంట్లో గడియారానికి కూడా ఆ పేరు లేదు.

2024 ఆగస్టులో, పద్నాలుగు రోజులకోసారి ఎవరికీ కుదరట్లేదని, నెలకోసారి రెండో శనివారం పెట్టుకుందామనుకున్నాం. పదో తారీకు మధ్యాహ్నం భోంచేసి కూర్చుని, తేదీల లెక్క మార్చి, బాట్‌ని మళ్ళీ మొదలెట్టాను. సెప్టెంబరు 14కి ఇంకా 35 రోజులుంది. మూడు గంటలైంది. టీ పెట్టుకుందామని లేచాను.

ఫోను మోగింది. మళ్ళీ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. "క్విజ్ మొదలైంది! తరవాతిది అక్టోబరులో." "క్విజ్ మొదలైంది! తరవాతిది నవంబరులో." ప్రతిసారీ అందర్నీ పిలుస్తూ, సెకనుకోటి చొప్పున. కంగారులో సర్వరు పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాను. ఆపేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో మా బాట్ ఇరవయ్యేళ్ళ క్విజ్‌లు మొదలెట్టేసి 2044లోకి వెళ్ళిపోయింది.

కారణం చెబితే నవ్వుతారు. సెట్‌టైమవుట్ తన గడువుని 32 బిట్లలో దాచుకుంటుంది. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647. మిల్లీసెకన్లలో అది 24 రోజుల 20 గంటల 31 నిమిషాల పైచిలుకు. అంతకి ఒక్క మిల్లీసెకను ఎక్కువ చెప్పినా "ఇంత నావల్ల కాదు" అని ఆగదు, దాన్ని 1 మిల్లీసెకనుగా తీసుకుంటుంది. 14 రోజులకి పడుకోమంటే పడుకుంది, 35 రోజులు పడుకోమంటే తక్షణం లేచింది. ఆ మాట నోడ్ లాగ్‌లో హెచ్చరికగా రాసింది కూడా. ఎనిమిది నెలలుగా ఆ లాగ్ వంక చూసిన పాపాన పోలేదు నేను.

గుంపులో అందరూ నవ్వారు. "2044లో నా కూతురు ఆడుతుందిలే" అన్నాడొకడు. నేనూ నవ్వుతూ క్షమాపణలు రాశాను. సాయంత్రానికి గమనించాను, డాలస్‌లో ఉండే ఒక స్నేహితుడు గుంపులోంచి వెళ్ళిపోయాడని. హాస్టల్లో మూడేళ్ళు నా రూమ్మేటు. ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తాడు.

వాళ్ళ నాన్నగారు అప్పటికి నాలుగు రోజులుగా ఊళ్ళో హాస్పిటల్లో, ఐసీయూలో ఉన్నారు. మాకెవరికీ చెప్పలేదు. ఇంటినుంచి ఏ క్షణాన కబురొస్తుందో అని, ఫోను సైలెంటులోంచి తీసి, సౌండు పూర్తిగా పెంచి, తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడట. మన మధ్యాహ్నం మూడంటే వాళ్ళకి తెల్లవారుజామున నాలుగున్నర. దూరదేశాల్లో ఉండేవాళ్ళకి ఆ వేళప్పుడు మోగే ఫోను గురించి నేను చెప్పక్కర్లేదు.

"నాన్న బానే ఉన్నార్రా. నిన్నటికంటే నయం. కానీ అది మోగగానే..." అని ఆగిపోయాడు. నేను 32 బిట్ల గురించి చెప్పబోయాను. ఎంత సిగ్గుచేటో చూడండి. అలాంటప్పుడు కూడా నా నోట్లోకి వచ్చింది కారణమే. "వదిలేయరా, నీ తప్పేముంది" అన్నాడు. మర్యాదకి అన్నాడని నాకు తెలుసు, నాకు తెలిసిందని వాడికీ తెలుసు.

బగ్గు సరిచెయ్యడం పావుగంట పని. ఎక్కువసేపు పడుకోనివ్వకుండా నిమిషానికోసారి లేచి, గడియారం చూసుకుని, టైము కాకపోతే మళ్ళీ పడుకొమ్మని రాస్తే చాలు. రాశాను, పరీక్షించాను కూడా. ఆ తరవాత అందర్నీ పిలిచే లైను కనబడింది. సంఖ్య పెద్దదైతే తప్పు చేసింది సెట్‌టైమవుట్. నూట నలభై మంది ఫోన్లు ఏ వేళైనా మోగించవచ్చని నిర్ణయించుకున్నది మాత్రం నేను. ఆ ఎనిమిది నెలలూ సరిగ్గా మోగినప్పుడు కూడా, ఎవరింట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసి మోగించలేదు. ఆ లైను తీసేశాను. అది తీసేశాక బాట్‌కి చెయ్యడానికి పనేమీ మిగల్లేదు, దాన్నీ ఆపేశాను.

ఇప్పుడు గది పైన ఆ సంఖ్య ఒక్కటే ఉంటుంది. చూడాలనుకున్నవాళ్ళు వచ్చి చూసుకుంటారు. హాజరు తగ్గింది, దాచడమెందుకు. "గంట పెట్టు మావా, మర్చిపోతున్నాం" అని ప్రతినెలా ఎవరో ఒకరు అడుగుతారు. నీ ఫోనులో అలారం పెట్టుకో అంటాను. మొన్నొకడు, కొనుగోళ్ళ సైట్లలో "ఇంకా 9 నిమిషాలే" అని ఎర్రగా తగ్గే అంకెలుంటాయే, అలాంటిది పెడితే జనం ఎగబడతారని సలహా ఇచ్చాడు. ఆ అంకెలు పేజీ మళ్ళీ తెరిస్తే పదినుంచి మొదలవడం నేను కళ్ళారా చూశాను. అలాంటివి నేను రాయను.

అంకుల్ ఇరవై రోజులకి ఇంటికొచ్చారు. మావాడు డిసెంబరులో గుంపులో మళ్ళీ చేరాడు. ఎవరూ ఏమీ అడగలేదు. రెండో శనివారం, వాళ్ళకి ఉదయం ఎనిమిది, ఇంకా పళ్ళు తోముకుంటున్న మొహంతో సరిగ్గా టైముకి వచ్చాడు. మొదటి ప్రశ్నకి తప్పు జవాబు చెప్పాడు.